డయాలసిస్ చేశారంటే కిడ్నీలు పోయినట్టేనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర ఒక పల్లె. నాన్నకు 58 ఏళ్లు. కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటారు. షుగరు లేదు. మూడేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు. దీపావళికి ముందు జ్వరం, విపరీతమైన ఒళ్లు నొప్పులు వచ్చాయి. ఊళ్లోని ఆర్‌ఎంపీ మూడు రోజుల పాటు నొప్పులకు డైక్లోఫినాక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. జ్వరం తగ్గిన రోజే నాన్న కళ్లు తిరిగి పడిపోయారు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళితే డెంగీ అన్నారు, బీపీ అందడం లేదన్నారు. ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోయాయి. మూత్రం ఆగిపోయి క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడగట్టి పంపాల్సిన వ్యర్థం) 7.8కి చేరింది. ఐసీయూలో ఐదుసార్లు డయాలసిస్ చేశారు. తర్వాత మూత్రం రావడం మొదలైంది. మెడలో పెట్టిన గొట్టం తీసేసి, క్రియాటినిన్ 4.1 ఉండగా ఇంటికి పంపారు. మూడు వారాల తర్వాత చూపిస్తే 2.6 ఉంది. ల్యాబు కాగితం మీద "ఈజీఎఫ్‌ఆర్ 28, నాలుగో దశ" అని అచ్చువేశారు. రోజుకు మూడు లీటర్ల మూత్రం వస్తోంది, అయినా క్రియాటినిన్ ఎందుకు మామూలుకు రావడం లేదో తెలియడం లేదు. మా వైపు డయాలసిస్ ఎక్కినవాళ్లు దిగడం మేమెప్పుడూ చూడలేదు. డయాలసిస్ కోసం చేతి నరాలను కలిపే ఫిస్టులా వేయించుకోమని ఒకరు, తెల్ల గలిజేరు కషాయం తాగించమని ఇంకొకరు చెబుతున్నారు. అమ్మ రోజూ కొబ్బరి నీళ్లు ఇస్తోంది. మాఘమాసంలో నా పెళ్లి. దాన్ని ఆపించి నాన్నకు నా కిడ్నీ ఇవ్వాలనుకుంటున్నాను. మా ఇద్దరి రక్తం గ్రూపు ఒకటే. ఎంత తొందరగా ఇస్తే అంత మంచిదా?

సమాధానం: అమ్మా, పెళ్లి ఆపవద్దు. కిడ్నీ మాట ఇప్పుడు తలపెట్టవద్దు. ఫిస్టులా కూడా ఇప్పుడు వద్దు. కొబ్బరి నీళ్లు మాత్రం ఈ రోజే ఆపించండి. మిగిలినవన్నీ నింపాదిగా మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించినవి మూడు అంకెలు: 7.8, 4.1, 2.6. చివరి రెండింటి మధ్య డయాలసిస్ లేదు. అంటే యంత్రం సాయం లేకుండా మీ నాన్నగారి కిడ్నీలే ఆ క్రియాటినిన్‌ను దించాయి. దెబ్బతిన్న కిడ్నీ తేరుకుంటోందని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఇంటి దగ్గర దొరకదు. ఎంతవరకు తేరుకుంటుంది అన్నది మాత్రం ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. నేనే కాదు, ఆయనను రోజూ చూసిన డాక్టరు కూడా చెప్పలేరు. దానికి ఒక గడువు ఉంది. కిడ్నీ దెబ్బతిన్న నాటి నుంచి మూడు నెలలు. ఈలోగా దాన్ని తాత్కాలికమైన దెబ్బగానే లెక్కిస్తారు. మూడు నెలలు దాటినా లోటు మిగిలి ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అనే పేరు పెడతారు. మీ నాన్నగారికి ఆ గడువు సంక్రాంతి వెళ్లిన వారంలో వస్తుంది.

కాబట్టి ల్యాబు కాగితం మీది "నాలుగో దశ"ను పక్కన పెట్టండి. ఆ దశలు దీర్ఘకాలిక జబ్బు కోసం ఏర్పరచినవి. ఈజీఎఫ్‌ఆర్ అనేది క్రియాటినిన్, వయసు, స్త్రీనా పురుషుడా అన్న వివరాలతో కిడ్నీ వడపోత ఎంత జరుగుతోందో కట్టే లెక్క. క్రియాటినిన్ కొన్నాళ్లుగా ఒకేచోట నిలకడగా ఉన్నప్పుడే ఆ లెక్కకు అర్థం ఉంటుంది. రోజురోజుకూ దిగుతున్నప్పుడు అసలు పనితీరు ఆ అంకె చూపినదానికంటే కొంత మెరుగ్గానే ఉంటుంది. ఇవేవీ కంప్యూటర్‌కు తెలియవు. 2.6 కనిపించగానే 28 అని వేసి, పక్కన ఎర్ర అక్షరాలతో దశ కూడా వేస్తుంది. ఈ ఒక్క గీత ఎన్ని ఇళ్లలో వంట మాన్పించిందో!

మీ ఊరివాళ్ల భయాన్ని మాత్రం నేను తీసిపారేయను. ఉద్దానంలో పుట్టిపెరిగినవాళ్లకు కిడ్నీ జబ్బు అంటే ఒకటే అర్థం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో అది ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా సాగుతుంది. కాళ్లకు నీరు రాదు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, మనిషి పొలం పని చేసుకుంటూనే ఉంటాడు. తెలిసేసరికి కిడ్నీలు కుంచించుకుపోయి ఉంటాయి. అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ దశలో డయాలసిస్ మొదలైతే ఆగదు, నిజమే. మీ నాన్నగారి కథ వేరు. ఆయన కిడ్నీలు ఒక్క వారంలో దెబ్బతిన్నాయి, ఏ కారణంతో దెబ్బతిన్నాయో మనకు స్పష్టంగా తెలుసు, ఆ కారణం ఇప్పుడు లేదు. ఐసీయూలో చేసిన డయాలసిస్ కిడ్నీలు తేరుకునేదాకా ప్రాణం నిలబెట్టడానికి చేసింది. పేరు, యంత్రం ఒకటే కావడంతో రెండూ ఒకటే అనిపిస్తాయి.

ఏం జరిగిందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తర్వాత చెప్పే జాగ్రత్తలన్నీ ఇందులోనుంచే వస్తాయి. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గేటప్పుడు మొదలవుతుంది. సాధారణంగా మూడో రోజుకు, ఏడో రోజుకు మధ్య సన్నని రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీరు బయటకు ఊరిపోతుంది. ఒకటి రెండు రోజులే, కానీ ఆ రోజుల్లో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. జ్వరం తగ్గింది కదా అని ఇంట్లో ఊపిరి పీల్చుకుంటున్న రోజే మీ నాన్నగారు పడిపోవడం ఇందువల్లే. శరీరంలోకెల్లా రక్తం ఎక్కువగా కావలసిన అవయవాల్లో కిడ్నీలు ముందుంటాయి. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు వాటికే పోతుంది. అది తగ్గినప్పుడు కిడ్నీ తన వడపోతకు రక్తం తెచ్చే నాళాన్ని కాస్త వెడల్పు చేసుకుని కొంతసేపు నెట్టుకొస్తుంది. డైక్లోఫినాక్ వంటి నొప్పి మందులు సరిగ్గా ఆ వెసులుబాటునే అడ్డుకుంటాయి. ఇక టెల్మిసార్టాన్ వడపోత దగ్గరి ఒత్తిడిని తగ్గించే మందు. మామూలు రోజుల్లో అది కిడ్నీకి మేలే చేస్తుంది. బీపీ అందని రోజున అదే భారమవుతుంది. మూడూ ఒకేసారి కలిశాయి. ఇప్పుడు ఆర్‌ఎంపీతో తగవుకు వెళ్లవద్దు, దానివల్ల మీ నాన్నగారికి ఒరిగేదేమీ లేదు. కానీ జ్వరం వచ్చినవాళ్లకు ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదని మాత్రం ఆయనకు చెప్పండి. డెంగీలో అది కిడ్నీకే కాదు, రక్తస్రావానికీ దారి తీస్తుంది. జ్వరానికి, నొప్పికి తగిన మోతాదులో పారాసిటమాల్ చాలు.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత గుత్తులు, ఒక్కోదానికి ఒక సన్నని నాళిక ఉంటాయి. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా నీటిని వడగడతాయి. నాళికలు అందులో దాదాపు అంతా తిరిగి పీల్చుకుని ఒకటిన్నర లీటరును మాత్రం బయటకు వదులుతాయి. రక్తం అందనప్పుడు ముందుగా చచ్చేవి ఈ నాళికల లోపలి పొరలోని కణాలు. అవి రాలి నాళికలను పూడ్చేస్తాయి, మూత్రం ఆగిపోతుంది. అయితే వాటికి ఒక మంచి గుణం ఉంది. బతికి ఉన్న కణాలు విభజన చెంది ఖాళీ అయిన గోడను మళ్లీ కప్పుతాయి. వడపోత గుత్తి పూర్తిగా మచ్చకట్టిపోతే కొత్తది పుట్టదు. నాళిక గోడ మాత్రం తిరిగి వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ తోటల మీద విరుచుకుపడ్డాక ఏం చేశారో మీ నాన్నగారిని అడగండి. మట్టలన్నీ చిరిగి వేలాడుతున్నా మొవ్వు బతికి ఉన్న చెట్టును నరకకుండా ఉంచి ఉంటారు. కిడ్నీ డాక్టర్లు ఇప్పుడు చూస్తున్నదీ అదే.

మూడు లీటర్ల మూత్రం సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. వడపోత ముందు తెరుచుకుంటుంది. కొత్తగా ఏర్పడిన నాళిక కణాలకు నీటిని తిరిగి పీల్చుకునే పని ఇంకా పూర్తిగా చేతకాదు. అందుకని పలుచని మూత్రం ఎక్కువగా పోతుంది, విషపదార్థాలు అదే లెక్కన పోవు. ఇది కోలుకునే దారిలో చాలామందికి వచ్చే మజిలీ. కొన్ని రోజుల్లో, ఒక్కోసారి కొన్ని వారాల్లో మూత్రం తనంతట తానే తగ్గి, చిక్కబడుతుంది. అది చూసి మళ్లీ భయపడకండి.

కోలుకోవడం ఇంటి దగ్గర కూడా సాగుతుందనడానికి కొవిడ్ కాలం నుంచి ఒక లెక్క చెబుతాను. 2020లో న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రుల్లో కొవిడ్‌తో చేరిన దాదాపు 4 వేల మంది రికార్డులను అక్కడి డాక్టర్లు పరిశీలించారు. 46 శాతం మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. వాళ్లలో బతికి ఇంటికి వెళ్లినవారిని చూస్తే, 35 శాతం మందికి డిశ్చార్జి నాటికి కిడ్నీ పనితీరు పూర్వస్థితికి రాలేదు. అలా లోటుతో వెళ్లి, తర్వాత పరీక్షలకు తిరిగివచ్చినవారు 77 మంది. వారిలో 28 మందికి అప్పటికి కిడ్నీలు పూర్వస్థితికి వచ్చేశాయి. వైరస్ వేరు, మనుషులు వేరు కనుక ఈ అంకెలను మీ నాన్నగారికి తగిలించలేం. రెండు సంగతులు మాత్రం తీసుకోవచ్చు. డిశ్చార్జి కాగితం మీది అంకె చివరి మాట కాదు. అలాగని అందరికీ పూర్తిగా బాగవుతుందన్న హామీ కూడా లేదు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని ఒకటుంది. ఇల్లంతా వెతికి నాన్నగారి పాత రక్తపరీక్ష కాగితం పట్టుకోండి. మూడేళ్ల కిందట బీపీ మందు మొదలుపెట్టినప్పుడు క్రియాటినిన్ చూసే ఉంటారు. ఉద్దానంలో ప్రభుత్వం పలుమార్లు ఊరూరా పరీక్షలు చేయించింది, అప్పుడు ఆయన రక్తం ఇచ్చి ఉంటే మీ ఏఎన్‌ఎం దగ్గరో, ఆరోగ్య కేంద్రంలోనో వివరం దొరకవచ్చు. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఆయనకు జ్వరానికి ముందే 1.0 ఉండేదా, ఎవరికీ తెలియకుండా 1.6 ఉండేదా అన్నదాన్ని బట్టి మనం చేరాల్సిన గమ్యం మారిపోతుంది. ఉద్దానం రైతు విషయంలో ఈ అనుమానం రావడం సహజం. ఆ కాగితం దొరక్కపోతే విశాఖలో తీసిన కడుపు స్కానింగ్ రిపోర్టు చూడండి. కిడ్నీల పొడవు 9 నుంచి 11 సెంటీమీటర్ల మధ్య ఉంటే అది మంచి సూచన. 8 కంటే తగ్గి, లోపలి పొరలు విడివిడిగా కనిపించడం లేదని రాసి ఉంటే పాత జబ్బు మీద కొత్త దెబ్బ పడి ఉండవచ్చు. అలా ఉన్నా కంగారు వద్దు. కొత్త దెబ్బ మేరకు తేరుకునే అవకాశం అప్పుడూ ఉంటుంది.

కొబ్బరి నీళ్ల దగ్గరికి వద్దాం. మీ ఇంట్లో బొండాలకు కొదవ ఉండదు, అమ్మ చేతికి అందేదీ అదే. జ్వరంలో, నీరసంలో మనమంతా ఇచ్చేదీ అదే. కానీ 100 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక మోస్తరు బొండాంలో 300 మిల్లీలీటర్లు వస్తాయనుకుంటే 750 మిల్లీగ్రాములు ఒక్క గుక్కలో లోపలికి పోతుంది. బాగున్న కిడ్నీ దాన్ని సాయంత్రానికల్లా బయటకు తోసేస్తుంది. మీ నాన్నగారి కిడ్నీకి ఇప్పుడు ఆ శక్తి ఉందో లేదో పరీక్ష చేస్తే తప్ప తెలియదు. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. అది బాగా పెరిగితే నొప్పి లేకుండా, ముందస్తు హెచ్చరిక లేకుండా గుండె లయ తప్పుతుంది. మూత్రం ఎక్కువగా పోతున్న ఈ దశలో కొందరికి పొటాషియం తగ్గిపోవడమూ ఉంది. అప్పుడు డాక్టరే అరటిపండు తినమంటారు. అందుకే క్రియాటినిన్ చూసిన ప్రతిసారీ సోడియం, పొటాషియం కూడా చూడమనండి. పొటాషియం అంకె చేతిలో ఉన్న రోజున కొబ్బరి నీళ్ల సంగతి మళ్లీ మాట్లాడుకోవచ్చు. అన్నట్టు, బీపీ ఉన్నవాళ్లకని దుకాణాల్లో అమ్మే తక్కువ సోడియం ఉప్పులో కలిపేది పొటాషియమే. అది కొనవద్దు. సైంధవ లవణం కూడా ఉప్పే. మామూలు ఉప్పే రోజుకు ఒక చెంచా మించకుండా వాడండి. ఆవకాయ, ఎండు చేపలు కొన్నాళ్లు పక్కన పెట్టండి.

తెల్ల గలిజేరు గురించి నన్ను ఏటా పదిమంది అడుగుతారు. ఆ పేరుతో రెండు మూడు రకాల మొక్కలను కోసుకొస్తారు. ఆకును కాచినప్పుడు అందులోని పొటాషియం కషాయంలోకి దిగుతుంది. ఎంత దిగిందో ఏ వైద్యుడూ కొలిచి ఇవ్వడు. మరి "మా బావగారికి క్రియాటినిన్ 8 నుంచి 1.5కి వచ్చింది" అని చెప్పేవాళ్లంతా అబద్ధాలాడుతున్నారా అంటే, లేదు. వాళ్లలో చాలామందికి మీ నాన్నగారి లాంటి దెబ్బే తగిలి ఉంటుంది. ఏ మందూ వేయకపోయినా ఆ వారాల్లో దిగవలసిన అంకె దిగుతుంది. ఆ రోజుల్లో ఏది తాగితే దానికి పేరొస్తుంది. ఇప్పుడు మీరు కషాయం మొదలుపెడితే, నెల తర్వాత మీ ఇంటి పేరు మీద కూడా అదే ప్రచారం మొదలవుతుంది. అది నిజమని నమ్మి దీర్ఘకాలిక జబ్బున్న పొరుగాయన డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

నీళ్ల విషయంలో రెండు వైపులా పొరపాట్లు జరుగుతాయి. కిడ్నీ జబ్బు కదా అని గ్లాసుకు కొలత పెట్టి దాహంతో మాడ్చేవాళ్లున్నారు, కిడ్నీ కడిగినట్టవుతుందని అయిదు లీటర్లు తాగించేవాళ్లున్నారు. మీ నాన్నగారికి రోజుకు మూడు లీటర్లు పోతున్నప్పుడు నీళ్లు తగ్గిస్తే శరీరం ఎండిపోయి, కోలుకుంటున్న కిడ్నీకి మళ్లీ రక్తం చాలదు. దీనికి మంచి కొలబద్ద బరువు కాటా. పొద్దున్నే మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో కాటా ఎక్కించండి. ఆ అంకెను, బీపీని, ముందు రోజు వచ్చిన మూత్రం ఎంతో గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే రాయండి. మూత్రం కొలవడానికి లీటరు నీళ్ల సీసా మీద గీతలు పెట్టుకుంటే చాలు. రెండు రోజుల్లో కిలో బరువు తగ్గి, నిలబడితే కళ్లు తిరుగుతుంటే నీళ్లు చాలడం లేదు. కిలో పెరిగి, పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడుతుంటే ఎక్కువయ్యాయి. ఏది కనిపించినా డాక్టరుకు ఫోను చేయండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ క్యాలెండరు కాగితం చింపి తీసుకెళ్లండి. ఏ డాక్టరైనా "బాగానే ఉన్నారండీ" అన్న మాట కంటే ఆ కాగితానికే ఎక్కువ విలువ ఇస్తారు.

తిండి గురించి మీరు అడగలేదు, కానీ ఇలాంటి ఇళ్లలో గంజి, మజ్జిగన్నం మీదే నెలలు గడిపేస్తారని నాకు తెలుసు. అది తప్పు. ఐసీయూలో పడుకుని లేచిన మనిషి కండంతా కరిగిపోయి ఉంటుంది. డయాలసిస్ లేకుండా కోలుకుంటున్నవారికి కిలో బరువుకు 0.8 నుంచి 1 గ్రాము దాకా ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములకు తగ్గకూడదు. ఒక గుడ్డులో వచ్చేది 6 గ్రాములే. పప్పు, పెరుగు, గుడ్డు, మీ సముద్రం ఇచ్చే తాజా చేప పెట్టండి. పరీక్షకు ముందు రోజు రాత్రి మాత్రం మాంసం భోజనం వద్దు. ఉడికిన మాంసం తింటే కొన్ని గంటల పాటు క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. పరీక్ష ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి.

కండ కరగడంతో ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామంది డాక్టర్లు కూడా మరచిపోయేది. క్రియాటినిన్ పుట్టేదే కండరాల్లో. కండ తగ్గితే పుట్టడమే తగ్గుతుంది. అంటే చిక్కి సగమైన మనిషికి 1.3 వచ్చిందంటే, అది బాగుపడినందువల్లో, కండ లేనందువల్లో చెప్పడం కష్టం. మూడు నెలల పరీక్షప్పుడు నాన్నగారు ఇంకా బాగా చిక్కి ఉంటే సిస్టాటిన్-సి అనే పరీక్ష చేయించగలరా అని అడగండి. అది కండ మీద ఆధారపడదు. దాంతోపాటు మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రొటీన్), క్రియాటినిన్ నిష్పత్తి తప్పనిసరి. 30 లోపు ఉంటే మంచిది. క్రియాటినిన్ మామూలుకు వచ్చినా మూత్రంలో అల్బుమిన్ పోతుంటే లోపల మచ్చ మిగిలిందన్నమాట.

అప్పటిదాకా రెండు వారాలకొకసారి క్రియాటినిన్, పొటాషియం చూపిస్తే సరిపోతుంది, మీ డాక్టరు ఇంకా తరచుగా అంటే ఆయన మాటే వినండి. ప్రతిసారీ విశాఖ వెళ్లనక్కరలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మీకు దగ్గర. అంకె దిగుతూ దిగుతూ 2 దగ్గర ఆగిపోయి వారాల తరబడి కదలకపోయినా, మూత్రంలో రక్తం, ప్రొటీన్ కనిపించినా కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూడాల్సి రావచ్చు. దానికి భయపడకండి. మూత్రం హఠాత్తుగా అరలీటరు కంటే తగ్గినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, వాంతులు, మగత, చలిజ్వరం, కాళ్లూ చేతులూ ఒక్కసారిగా పట్టు తప్పడం లాంటివి కనిపించినా మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

అలమరలో మిగిలిపోయిన టెల్మిసార్టాన్ మాత్రలను సొంతంగా మొదలుపెట్టవద్దు. బీపీ పెరిగితే ప్రస్తుతానికి వేరే మందు ఇస్తారు. క్రియాటినిన్ నిలకడకు వచ్చాక డాక్టరే దాన్ని తిరిగి ఇవ్వవచ్చు, ఇచ్చిన వారం పది రోజులకు రక్తపరీక్ష చేయించమంటారు. నొప్పి మాత్రలు మాత్రం ఇక ఆ ఇంట్లో ఉండకూడదు. డైక్లోఫినాక్, అసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్, వీటిని కలిపి చేసినవి. పంటి నొప్పికైనా, నడుం నొప్పికైనా కొనేముందు మందుల దుకాణంలో "కిడ్నీ దెబ్బతిన్న మనిషికి" అని గట్టిగా చెప్పండి.

ఫిస్టులా వేయించుకోమన్నవారు చెడు ఉద్దేశంతో చెప్పి ఉండరు. ఎప్పటికీ డయాలసిస్ కావలసినవారికి అది ముందుగా వేయించుకోవలసిందే. డయాలసిస్ లేకుండా క్రియాటినిన్ దిగుతున్న మనిషికి ఇప్పుడు చేతి నరం కోసి కలపడం ఎందుకు? ఒక్క జాగ్రత్త మాత్రం పాటించండి. నాన్నగారు కుడిచేతి వాటం అయితే ఎడమ ముంజేతి నరాల్లో సూదులు, సెలైన్లు వద్దని చెప్పండి. రక్తం తీయాలంటే అరచేతి వెనుక తీయమనండి. ఎప్పుడైనా అవసరం పడితే ఆ నరాలు పదిలంగా ఉంటాయి.

ఇక మీ కిడ్నీ. తొందరగా ఇస్తే మంచిదా అని అడిగారు. ఇప్పుడు మీరు ఇస్తామన్నా ఏ మంచి ఆసుపత్రీ తీసుకోదు. తిరిగి బాగుపడే అవకాశం ఉన్న కిడ్నీలకు మార్పిడి చేయరు. రేపు మూడు నెలల తర్వాత పెద్ద లోటే మిగిలిందనుకోండి, అప్పుడైనా అది మందులతో, పథ్యంతో ఏళ్ల తరబడి నడిచే లోటు కావచ్చు. అది కూడా దాటితేనే మార్పిడి మాట. ఆ రోజు వచ్చినా రక్తం గ్రూపు ఒక్కటే చాలదు. మీరు ఉద్దానం బిడ్డ. ఆ నీళ్లే తాగారు, ఆ ఎండలోనే పెరిగారు. మీ కిడ్నీలు రెండూ నూటికి నూరు పాళ్లు బాగున్నాయని తేలకుండా ఒకటి తీయడం పాపం. ఇప్పుడు మీరు చేయగలిగిన మేలు ఇంకొకటి ఉంది. మీరు, మీ అమ్మగారు, తోబుట్టువులుంటే వాళ్లు, ఒక్కసారి క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుకోండి. ఆ కాగితాలను జాగ్రత్తగా దాచండి. నాన్నగారి పాత కాగితం కోసం ఇప్పుడు మీరు పడే వెతుకులాట రేపు మీ కోసం ఇంకొకరు పడకూడదు.

అంకెలన్నీ మామూలుకు వచ్చేసినా ఏడాదికి ఒక్కసారి పరీక్ష మానవద్దు. ఒకసారి ఇంత దెబ్బ తిన్న కిడ్నీకి మళ్లీ దెబ్బ తగిలే అవకాశం, కాలం గడిచేకొద్దీ మెల్లగా నీరసించే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. వచ్చే వేసవిలో మిట్టమధ్యాహ్నం తోట పని వద్దు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి వచ్చిపోతే దానికే రక్షణ, మిగతా మూడింటికీ దారి తెరిచే ఉంటుంది, రెండోసారి వచ్చేది ఇంకా తీవ్రంగా ఉండవచ్చు. ఆ దోమ పగటిపూట కుడుతుంది, మంచినీళ్లలో పుడుతుంది. తోటలో పడేసిన కొబ్బరి చిప్పలో వాన నీరు నిలిస్తే దానికి చాలు. చిప్పలన్నీ బోర్లించండి, లేదా కాల్చేయండి.

పెళ్లి ముహూర్తం మార్చాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. మూడు నెలల పరీక్ష దానికి ముందే అయిపోతుంది. పందిరి పనులు, బంధువుల రాకపోకలు, బస్సు ఏర్పాట్లు వేరేవాళ్లకు అప్పగించండి. పీటల మీద మాత్రం నాన్నగారే కూర్చోవచ్చు. కాకపోతే కన్యాదాత ఉపవాసం ఉండాలన్న ఆచారం మీ ఇంట్లో ఉంటే, రాత్రి ముహూర్తం దాకా నీళ్లు కూడా ముట్టకుండా ఉంచడం ఆ కిడ్నీలకు మంచిది కాదు. అన్నం మానినా నీళ్లు, పల్చని మజ్జిగ తాగుతూ ఉండాలి, మందులు వేళకు పడాలి. ఈ సంగతి పెళ్లిరోజు పీటల దగ్గర వాదనకు పెట్టకుండా, లగ్నపత్రిక రాయడానికి వచ్చినప్పుడే పురోహితుడికి చెప్పేయండి.